సోమన్న పైచదువు, రెండు పెన్నులు

ప్రజల కోరిక మేరకు తాను మళ్లీ చదువుకోబోతున్నానని బెళుగుప్ప మండల నాయకులు సోమప్పగారు, అంటే అందరి సోమన్న, సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఏ ప్రజలు కోరారని విలేకరులు ఎవరూ అడగలేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చాలా బాగున్నాయి.

"ఇరవై రెండేండ్లు మీకు సేవ చేసినా. ఇంగ చదువుకు సేవ చేయల్లని నిర్ణయం తీసుకున్నా," అన్నారు సోమన్న మైకు సర్దుకుంటూ. "ఎం.ఏ. ఎడ్యుకేషన్. మామూలు చదువు కాదు, పీజీ. యాభై ఆరేండ్ల వయసులో ఎవడన్నా ఇంత త్యాగం చేస్తాడా? మీరే రాయండి."

షారుక్ అనే కుర్ర విలేకరి మాత్రం ప్లేటు కింద పెట్టి అడిగాడు. "చదివి ఏం చేస్తారన్నా?"

"చదివినాక చెప్తాప్పా. ఇప్పుడే చెప్తే పేపరు లీకైనట్ల కాదా?"

చప్పట్లు మోగాయి. సోమన్న కుర్చీ వెనక నిలబడ్డ పీఏ ఓబిలేషు కూడా కొట్టాడు. పదకొండేళ్లుగా ఎక్కడ కొట్టాలో అతనికి తెలుసు. కానీ ఈసారి చేతులు కలిశాయే గానీ చప్పుడు రాలేదు. ఎందుకంటే సోమన్న చేతిలో ఊగుతున్న యూనివర్సిటీ రంగుల పుస్తకం ఓబిలేషుది.

విషయం ఏమిటంటే, బెంగుళూరు రోడ్డులో విద్యాశిఖర యూనివర్సిటీ అని కొత్తగా లేచింది. టీచర్లకు, టీచర్లు కావాలనుకునేవాళ్లకు పైచదువులు చెబుతుంది. అందులో కరువు మండలాల కోటా అని ఒకటుంది. ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించిన ప్రతి మండలానికీ ఒక సీటు, ఫీజు లేదు, హాస్టలు ఉచితం. ఓబిలేషుకు నలభై రెండేళ్లు. బి.ఎడ్. చేసి, డీఎస్సీ నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ ఇంచుమించు దగ్గరిదాకా పోయి వచ్చినవాడు. ఈ పీజీ ఒకటి ఉంటే ఏదో బి.ఎడ్. కాలేజీలో లెక్చరరుగానైనా చేరొచ్చు. వయోపరిమితి నలభై మూడు. స్థానిక నాయకులకు మాత్రం వయసు పట్టింపు లేదు. ఆ రూలు ఎవరు పెట్టించారో పుస్తకంలో లేదు.

పదిహేను రోజుల కిందట ఆ పుస్తకం తీసుకుని, సిఫారసు ఉత్తరం కోసం సోమన్న దగ్గరికి పోయాడు. సోమన్న మొదటి పేజీ చూశారు, చివరి పేజీ చూశారు.

"కరువు మండలమా? ఒరే, మన మండలం కరువు మండలం అయిందే నా వల్ల కదరా!"

అది నిజం. నిరుడు వానలు బాగా కురిసి, చెరువు నిండి, బెళుగుప్పను కరువు జాబితాలోంచి తీసేయబోతే సోమన్న కలెక్టరాఫీసు ముందు మూడు రోజులు గొడుగు వేసుకుని నిరాహార దీక్ష చేశారు. వాన పడినా కరువు పోనివ్వని నాయకుడు అని అప్పట్లో ఫ్లెక్సీలు కూడా వేశారు.

"అట్లయితే ఆ సీటు న్యాయంగా ఎవరిది?" అన్నారు సోమన్న.

పుస్తకం సోమన్న దగ్గరే ఉండిపోయింది.

సోమన్నకు అసలు సంగతి వేరే ఉంది. జిల్లా విద్యా సలహా మండలికి ఛైర్మన్ పోస్టు ఖాళీగా ఉంది. కారు, ఎర్ర కుర్చీ, గన్‌మన్ అన్నీ ఉంటాయి. ఎడ్యుకేషన్‌లో పీజీ చేసినవాళ్లు గానీ, చేస్తున్నవాళ్లు గానీ అర్హులని జీవో వచ్చింది. చేస్తుంటే చాలు, పూర్తి చేయాలని లేదు. సోమన్నకు బి.ఏ. ఉంది. దూరవిద్య. ఎంత దూరమంటే ఆ యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో ఆయనకే తెలియదు.

"నువ్వూ అప్లికేషన్ వేయప్పా," అన్నారు సోమన్న దయతో. "మండలానికి కనీసం ఇద్దరు పోటీలో ఉండల్లంట. ఒక్కడే వేస్తే లెక్క చేయరంట. ఎలక్షన్లో డమ్మీ వేయమా? అట్ల."

"ఉత్తరం రాసిస్తారా అన్నా?"

"ఎందుకు రాయను? మనం ఎవరికి రాయలేదు?"

ఆ మాటా నిజమే. సోమన్న ఎవరికీ కాదనలేదు. రోజూ ఉదయం ఏడింటికి ఆయన వాకిట్లో జనం చేరతారు. బదిలీ కావాలనేవాళ్లు, హాస్టలు సీటు కావాలనేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ కావాలనేవాళ్లు. అందరికీ ఒకే లెటర్‌హెడ్, ఒకే మాట: 'వీరు నాకు స్వయంగా తెలుసు, తక్షణమే పని చేసిపెట్టగలరు.' కింద సంతకం. తేడా ఒక్క ఇంకులోనే. ఆకుపచ్చ ఇంకుతో సంతకం ఉంటే ఆఫీసరు పని చేయాలి. నీలి ఇంకుతో ఉంటే తీసుకుని, నవ్వి, చెత్తబుట్టలో వేయాలి. ఈ ఏర్పాటు సోమన్నకు, ఆఫీసర్లకు, ఓబిలేషుకు తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఓబిలేషు చొక్కా జేబులో రెండు పెన్నులూ ఉంటాయి. కళ్లజోడు ముక్కుమీద ఉంచి "పెన్నియ్యప్పా" అంటే ఆకుపచ్చ. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని "పెన్నియ్యప్పా" అంటే నీలం. పదకొండేళ్లలో ఓబిలేషు ఒక్కసారి కూడా తప్పు పెన్ను ఇవ్వలేదు. రోజుకు మూడు ఆకుపచ్చలు మించకూడదని సోమన్న నియమం. మించితే సంతకానికి విలువ పోతుంది.

ఆ ఉదయమే బయమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. శెనక్కాయలు వొలిచి వొలిచి వేళ్లు అరిగిపోయి, మిషను మీద వేలిముద్ర పడక, నాలుగు నెలలుగా పింఛను ఆగిపోయింది.

"నా వేలు నాది కాదంటాది సోమన్నా ఆ మిషను," అంది బయమ్మ.

"యా మిషనుకు అంత ధైర్యం? రాసిస్తా పో," అని సోమన్న కళ్లజోడు తీశారు. ఆ పూట మూడూ అయిపోయాయి మరి.

ఓబిలేషు నీలం ఇచ్చాడు. బయమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టి వెళ్లింది.

ప్రకటన మరునాడు, మంగళవారం, అప్లికేషన్ నింపడం మొదలైంది. కోర్సు ఎంచుకోవడం దగ్గరే మధ్యాహ్నమయింది.

"ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ అని ఉండాదన్నా."

"అంటే?"

"అంగన్‌వాడీ పిల్లోళ్ల చదువు."

"వాళ్లకు ఓట్లు లేవు. ఇంగోటి చూడు."

"అడల్ట్ ఎడ్యుకేషన్. పెద్దోళ్లకు చదువు చెప్పేది."

"వాళ్లు చదివితే మన లెటర్లు చదువుతారు కదరా. వద్దు."

"ఇంక్లూజివ్ ఎడ్యుకేషన్. అందరినీ కలుపుకుని పోయేది."

"ఆ పక్క పార్టీవాళ్లను గూడానా?"

"వాళ్లను గూడా అన్నా."

"మేయ్, ఇదేం యూనివర్సిటీరా!"

చివరికి 'ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్' దగ్గర సోమన్న ముఖం వెలిగింది. లీడర్‌షిప్ తాను ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి మొదటి సంవత్సరం మాఫీ చేస్తారేమో కనుక్కోమన్నారు. రెండో గడిలో చదువులో విరామం ఎందుకు వచ్చిందని ఉంది. 'ప్రజలు వదల్లేదు' అని రాయించారు. ఆ తర్వాత గడి, మీమీద ఏవైనా కేసులున్నాయా అని.

"ఎన్ని లైన్లు ఇచ్చినారు?"

"ఒకటేనన్నా."

"అదెట్ల సరిపోతాదప్పా? వేరే షీటు అతికించు."

అన్నింటికన్నా కష్టమైంది 'ఈ చదువు మీకు ఎందుకు కావాలి?' అనే వ్యాసం. ఐదువందల పదాలు. సోమన్న చెప్పడం మొదలుపెట్టారు. ఛైర్మన్ పోస్టు, కారు, గన్‌మన్ కలిపి పన్నెండు పదాలయ్యాయి. ఆపైన రాలేదు.

"నువ్వే రాయరా. మనసు పెట్టి రాయి," అని నిద్రపోయారు.

ఓబిలేషు మనసు పెట్టాడు. అతని మనసులో ఉన్నది ఒకటే. బి.ఎడ్. అయిన కొత్తలో పామిడి దగ్గర ఒక పల్లెలో రెండేళ్లు విద్యా వాలంటీరుగా చేశాడు. శెనక్కాయ పీకే రోజుల్లో పిల్లలు బడికి రారు, కూలికి పోతారు. ఖాళీ బడిలో కూర్చోలేక ఒకరోజు నల్లబోర్డు ఊడదీసి, తలమీద పెట్టుకుని, రెండు మైళ్లు నడిచి చేనికే పోయాడు. గట్టుమీద బోర్డు పెట్టి, ఒక్కో పిల్ల పీకిన చెట్లు ఎన్ని, ఒక్కో చెట్టుకు కాయలెన్ని అని లెక్కలు చెప్పించాడు. ఇంద్రాణి అనే పిల్ల ఆరోజే గుణకారం నేర్చుకుంది. తర్వాత ఆ పథకం తీసేశారు. ఓబిలేషు అదంతా రాశాడు. సోమప్ప పేరు పెట్టాడు. డెడ్‌లైను ఆ సాయంత్రమే. సిఫారసు ఉత్తరాలకు మాత్రం శుక్రవారం దాకా గడువు.

సోమన్న నిద్ర లేచి చదివించుకున్నారు. బోర్డు తలకెత్తుకునే చోట తువ్వాలు తీసుకున్నారు. ఇంద్రాణి దగ్గర వెక్కివెక్కి ఏడ్చారు.

"నేనింత కష్టపడినానా ఓబిలేషూ?"

"పడినారన్నా."

"ఎవరికీ చెప్పుకోలేదు చూడు. అదీ నా గుణం."

ఆ సాయంత్రం నుంచి ప్రతి సభలోనూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. శుక్రవారానికి బోర్డు బరువు పెరిగింది, రెండు మైళ్లు ఐదయ్యాయి, ఇంద్రాణి డాక్టరయింది.

తన అప్లికేషన్‌లో ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఓబిలేషు దగ్గర ఏమీ మిగల్లేదు. చాలాసేపు కూర్చుని ఒక్క వాక్యం రాశాడు: 'నాకు చదువు చెప్పడం ఇష్టం.'

తర్వాత తన సిఫారసు ఉత్తరం టైపు చేసి సోమన్న ముందు పెట్టాడు. కరువు కోటావాళ్లకు సిఫారసు తప్పనిసరి. పని ఇచ్చినవాళ్లు గానీ, పాఠం చెప్పినవాళ్లు గానీ ఇవ్వాలి. సోమన్న ఓబిలేషు భుజం మీద చేయి వేశారు. "పదకొండేండ్లు నా నీడ మాదిరి ఉండావు. నీకు రాయకపోతే ఎవరికి రాస్తానప్పా?" అన్నారు. కళ్లజోడు తీశారు. "పెన్నియ్యి."

ఓబిలేషు ఆ కళ్లజోడు వంక చూశాడు. తుడుచుకోవడానికేమో అని ఒక క్షణం ఆగాడు. తుడుచుకోలేదు. ఓబిలేషు నీలం ఇచ్చాడు.

ఇక సోమన్నకు సిఫారసు. ఇరవై రెండేళ్లలో కొన్ని వేల మందికి సిఫారసు రాసిన మనిషికి సిఫారసు రాసేవాళ్లు దొరకలేదు. పని ఇచ్చినవాళ్లు లేరు, ఆయన ఎక్కడా పని చేయలేదు. పాఠం చెప్పినవాళ్లలో ఇద్దరు పోయారు. మూడో ఆయన, సోమప్ప తన క్లాసులో చదివిన మాట వాస్తవం కాదని ప్రమాణం చేస్తానన్నాడు. నాలుగో మనిషి పీర్ మహమ్మద్ సార్. వయసు డెబ్బై ఎనిమిది. సోమన్నకు ఐదో తరగతిలో లెక్కలు చెప్పారు.

పూలదండ, శాలువా, పళ్లబుట్ట, నలుగురు ఫొటోగ్రాఫర్లతో సోమన్న ఆయన ఇంటికి పోయారు. కాళ్లకు మొక్కారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ మొక్కారు.

"బాగుండావా సోమప్పా?" అన్నారు సార్. "ఐదో తరగతి పాసయినావా?"

"అప్పుడే అయినా సార్!"

"సంతోషం. నాకు తెలీదు."

సార్‌కు శిష్యుడి సంగతి ఇంకొకటి కూడా గుర్తుంది. ఇరవై రెండేళ్ల కిందట, రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, సార్‌ను తనకల్లు అనే దూరపు ఊరికి వేశారు. మోకాళ్ల నొప్పులు, మూడు బస్సులు మారాలి. సొంతూరికి బదిలీ కోసం, అప్పుడే కొత్తగా నాయకుడైన తన శిష్యుడి దగ్గరికి పోయారు. శిష్యుడు నిలబడి నమస్కరించి ఉత్తరం ఇచ్చాడు. ఆ ఉత్తరం పట్టుకుని సార్ విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, తనకల్లులోనే గది తీసుకుని, వండుకుని తిని, రిటైరయ్యారు. రిటైరయ్యే రోజు ఒక గుమాస్తా జాలిపడి, ఆ రంగుల సంగతి చెవిలో చెప్పాడు. అది తెలిసిన నాలుగో మనిషి సార్. ఈ సంగతి సోమన్నకు తెలియదు.

సోమన్న వరండాలో ఫొటోలు చూసుకుంటుండగా, లోపల సార్ తెల్లకాగితం ముందు కూర్చున్నారు. ఓబిలేషు జేబు వంక చూశారు.

"పెన్నియ్యి నాయనా."

ఓబిలేషు చేయి అలవాటుగా ఆకుపచ్చ మీదికి పోయింది.

"అది గాదు. ఆ నీలిది."

"నీలిదా సార్?"

"మీ అన్న నాకిచ్చిన ఉత్తరం ఆ రంగుదే కదప్పా. ఇంకా దాచి పెట్టుకుండా. చానా బాగుంటాది చూసేకి."

ఓబిలేషు వరండా వైపు చూశాడు. వరండాలోకి ఒక్క కేక వేస్తే సరిపోతుంది. కానీ పెన్ను అడిగిన పెద్దమనిషికి పెన్ను ఇవ్వడమే అతని ఉద్యోగం. ఇచ్చాడు. సార్ ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నిండా రాశారు. ఇంతటి ప్రతిభావంతుడిని తన సర్వీసులో చూడలేదని, తక్షణమే సీటు ఇవ్వాలని. కవరులో పెట్టి, అంటించి, సీలు వేశారు. సిఫారసు సీలు కవరులోనే రావాలని యూనివర్సిటీ రూలు. బయట సోమన్న ఆ కవరు కళ్లకద్దుకున్నారు.

ఫలితం ఆదివారం చెబుతామన్నారు. యూనివర్సిటీలో అడ్మిషన్లు చూసేది ఇమ్మానుయేల్. అంతకుముందు జిల్లా విద్యాశాఖ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆఫీసరు. పాతికేళ్ల అనుభవం. మనవాడే కాబట్టి సోమన్నకు అనుమానమే లేదు. వాకిట్లో షామియానా వేయించారు. మూడు వందల మందిని పిలిపించారు. ఆ శుభవార్త ప్రజలంతా వినాలని, ఫోను స్పీకరులో పెట్టి, దాన్ని మైకు ముందు పెట్టి, మైకును నాలుగు హారన్‌లకు కలిపించారు. వచ్చినవాళ్లలో చాలామంది చేతుల్లో కవర్లున్నాయి. ఎలాగూ వస్తున్నాం కదా, ఇంకా పని కాలేదని అన్నకు ఓ మాట గుర్తు చేద్దామని.

పదకొండింటికి ఫోను మోగింది.

"నమస్తే సోమన్నా, ఇమ్మానుయేల్‌ను," అన్నాయి నాలుగు హారన్‌లు.

"చెప్పప్పా! ప్రజలంతా వింటాండారు!"

"ఏంలేదన్నా, చిన్న డౌటు. మీ మండలానికి సీటు ఒకటే. అప్లికేషన్లు రెండు. మీదొకటి, ఓబిలేషుది ఒకటి. సిఫారసులు రెండూ మీ ఆఫీసు నుంచే వచ్చినాయి, రెండూ మీ పెన్నే. కానీ రెండూ నీలి ఇంకన్నా! పచ్చది ఒకటీ లేదు. మీ పద్ధతి నాకు తెలుసు కదా. పచ్చదైతే పని చేయల్ల, నీలిదైతే బుట్టలో వేయల్ల. డిపార్ట్‌మెంటులో ఉన్నన్ని దినాలూ మీవి కొన్ని వందలు వేసినా బుట్టలో, ఒక్కటీ పొరపాటు పోలేదు. ఇప్పుడు రెండూ వేసేద్దునా? లేకపోతే ఎవరికన్నా ఇయ్యల్లనా?"

ఊరి చివర పొలాల దాకా వినపడింది. షామియానా కింద జనం ఒక్కొక్కరే కవర్లు తెరిచి, మడతలు విప్పి, కాగితాల కింది భాగం చూసుకున్నారు. షారుక్ రాసుకుంటున్నాడు. అరిగిన కళ్లద్దాల్లోంచి బయమ్మకు ఏమీ కనపడక, తన కాగితం పక్కవాళ్లకు చూపించి, "నాదేం రంగు నాయనా?" అని అడుగుతోంది. పక్కవాళ్లు చెప్పడం లేదు.

సోమన్న గొప్ప నాయకుడు. అర నిమిషంలో తేరుకున్నారు.

"ఏం మాట్లాడతాండావప్పా ఇమ్మానుయేలూ! రంగులేంది, బుట్టలేంది? నాకు సీటు వద్దు! పేదోడు, నా తమ్ముడు, ఓబిలేషుకు ఇయ్యండి! నేను త్యాగం చేస్తాండా!"

ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్ల ముఖాలు చూసి మానుకున్నారు.

"మాట సరిపోదన్నా," అంది స్పీకరు. "రాతలో పంపియ్యల్ల. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు."

లెటర్‌హెడ్ వచ్చింది. సోమన్న అందరికీ వినపడేలా చదువుతూ రాయించారు: 'ఓబిలేషు నాకు స్వయంగా తెలుసు, తక్షణమే సీటు ఇవ్వగలరు.' తర్వాత ఎంతో నెమ్మదిగా, చెమట తుడుచుకుంటున్నట్టుగా, కళ్లజోడు తీశారు.

"పెన్నియ్యప్పా."

మూడు వందల మంది ఓబిలేషు జేబు వంకే చూస్తున్నారు.

ఓబిలేషు జేబులో చేయి పెట్టాడు. పదకొండేళ్లలో మొదటిసారి తప్పు పెన్ను ఇచ్చాడు.

సోమన్న ఆ పెన్ను చూశారు. ఓబిలేషును చూశారు. జనాన్ని చూశారు. నవ్వి, సంతకం పెట్టారు. ఆకుపచ్చగా పడింది.

ఆ సాయంత్రం వరకూ పాత ఉత్తరాల మీద కొత్త సంతకాలు పెడుతూనే ఉన్నారు. ఆకుపచ్చ పెన్ను అయిపోతే షారుక్ పరుగెత్తి ఇంకోటి తెచ్చాడు. బయమ్మ వంతు వచ్చేసరికి చీకటి పడింది, అదీ అయిపోయింది. రేపు రమ్మన్నారు.

ఈ నిబద్ధతను ప్రభుత్వం గుర్తించింది. చదువు కోసం సీటునే త్యాగం చేసిన మహనీయుడని, జీవో సవరించి, సోమన్నను సలహా మండలి ఛైర్మన్‌ను చేసింది. కారు వచ్చింది, కుర్చీ వచ్చింది.

ఓబిలేషు యూనివర్సిటీకి బయలుదేరే ముందురోజు సోమన్న పిలిచి ఆశీర్వదించారు. కోపమేమీ లేదు. "పోయే ముందర చివరి పని ఒకటి చేసిపెట్టప్పా. రెండు పెన్నులు తెచ్చియ్యి. ఇంగ నీలి మాటే వద్దు, జనానికి రంగుల జబ్బు పట్టుకుండాది. రెండూ పచ్చవే తీసుకురా."

"రెండూ పచ్చవే. సరేన్నా."

"ఒకటి లావుగా రాసేది, ఒకటి సన్నగా రాసేది. లావుది నా జేబులో పెట్టు. సన్నది బల్లమీద పెట్టు."

ఓబిలేషు తెచ్చాడు. అంగట్లో రెండూ కాగితం మీద గీసి చూసి మరీ తెచ్చాడు.

మరుసటి రోజు పొద్దున, బెళుగుప్ప బస్టాండులో పెట్టెమీద కూర్చుని ఉన్నాడు. కోటా సీటు సోమన్న ఎంచిన కోర్సులోనే కాబట్టి ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ పుస్తకం చేతిలో ఉంది. బయమ్మ దూరం నుంచే చేయి ఊపుతూ వచ్చింది. కవరులోంచి కవరు తీసి, అందులోంచి కొత్త కాగితం తీసింది.

"ఇచ్చినాడప్పా సోమన్న! తిట్టలేదు, కసరలేదు. బల్లమీది పెన్ను తీసి, నిలబడే సంతకం పెట్టినాడు. నాకు కండ్లు కనపడవు, నువ్వు చూసి చెప్పు. పచ్చదేనా?"

ఓబిలేషు కాగితం వెలుతురుకు పట్టి చూశాడు. సంతకం ఆకుపచ్చగా, వెంట్రుకంత సన్నగా ఉంది.

బస్సు హారన్ కొట్టింది. కండక్టరు పెట్టె పైకి ఎత్తాడు.

"పచ్చదేనమ్మా," అన్నాడు ఓబిలేషు. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాడు.